రంగం రిజిస్టరు

అరవై ఒక్కమంది ప్రయాణికులు వేసిన అరవై ఒక్క వేలిముద్రలూ ఒకే మనిషివని ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు యంత్రం తేల్చి చెప్పింది.

డాక్టర్ హైమవతి తెర మీది అంకెల్ని రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి పెట్టుకుని మూడోసారి చదివింది. అంకెలు మారలేదు.

"ఫిలిప్, తప్పు నీ మిషనుదా, నా కళ్ళదా?"

ఫిలిప్ ఆ యంత్రాన్ని తయారు చేసినవాడు. దాని మీద ఈగ వాలినా ఊరుకోడు. "మిషను తప్పని తేలితే రేపట్నుంచి చర్చి ముందు కొవ్వొత్తులు అమ్ముకుంటాను మేడమ్," అంటూ కుర్చీ లాక్కుని వచ్చి కూర్చున్నాడు. తెర చూశాడు. ఆ తర్వాత కొవ్వొత్తుల మాట ఎత్తలేదు.

ఆ యంత్రానికి వాళ్ళు పెట్టుకున్న పేరు స్వేదలిపి. పాత రికార్డుల ఆఫీసులో అందరూ చెమట మిషను అంటారు. బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద నొక్కినప్పుడు, సిరాతో పాటు రవ్వంత చెమట, నలుసంత చర్మం కూడా అంటుకుంటాయి. సిరా ఎండి వాటిని పట్టి ఉంచుతుంది. వందేళ్ళ తర్వాత కూడా ఈ యంత్రం కాగితాన్ని తాకకుండానే ఆ నలుసులోని వంశలక్షణాలు చదువుతుంది. ఇవాళ బతికున్న మనిషి ఒక గొట్టంలో ఉమ్మితే, రెండింటినీ పక్కపక్కన పెట్టి, వీళ్ళిద్దరూ ఏమవుతారో చెబుతుంది. ఒక్క ముద్ర చదవడానికి ఒక పగలు పడుతుంది.

వాళ్ళు చదువుతున్నది 1927 నాటి రిజిస్టరు. భీమునిపట్నం రేవు నుంచి రంగం వెళ్ళిన స్టీమరుది. రంగం అంటే రంగూన్. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇప్పటికీ ముసలివాళ్ళు అలాగే అంటారు. కూలిపనికి వెళ్ళేవాళ్ళు పేరు, తండ్రి పేరు, ఊరు చెప్పి, గుమాస్తా ముందు వేలు నొక్కి ఓడ ఎక్కారు. వాళ్ళలో తిరిగి వచ్చినవాళ్ళు కొందరే.

ఇప్పటిదాకా ఒక్కో ముద్రనూ బతికున్నవాళ్ళతో మాత్రమే పోల్చారు. ముద్రల్ని ముద్రలతో పోల్చాలన్న ఆలోచన ఫిలిప్‌కి నిన్ననే వచ్చింది.

"మేస్త్రీ పని," అన్నాడు ఫిలిప్. "కూలీల్ని పోగుచేసే మేస్త్రీ వీళ్ళందరి బదులూ తనే వేలు నొక్కేశాడు. ఒప్పుకోనివాళ్ళని చేతులు కట్టి ఓడెక్కించి ఉంటాడు."

హైమవతి అరవై ఒక్క పేర్ల జాబితాని పైనుంచి కిందికి చదువుతోంది. నలభై మూడో పేరు దగ్గర వేలు ఆగిపోయింది.

పొట్నూరు అప్పలస్వామి. వయసు నలభై అయిదు. ఊరు కొండపుట్టుగ.

"దేవుడా," అంది. "బర్మయ్య తాత."

*

బర్మయ్య కిందటి ఏడాది ఆశ్వయుజంలో వచ్చాడు. ఎనభై ఏడేళ్ళ మనిషి. కంచరపాలెం బర్మా క్యాంపులో యాభై ఏళ్ళు నూడుల్స్ బండి నడిపి, కాళ్ళు ఆడక మానేశాడు. 1942లో రంగం మీద బాంబులు పడ్డప్పుడు లక్షలమంది అడవుల గుండా నడుచుకుంటూ మన దేశానికి వచ్చారు. ఆ దారిలో లచ్చమ్మ అనే పిల్లల్లేని ఆవిడకి మూడేళ్ళ పిల్లాడు దొరికాడు. అమ్మ, నాన్న, ఊరు, ఇంటిపేరు, ఏదీ తెలీదు. బర్మాలో దొరికాడు కాబట్టి బర్మయ్య.

"పాతికేళ్ళప్పుడు సమ్మందం కుదిరిందమ్మా," అని నవ్వుతూ చెప్పాడు ఆరోజు. "మా క్యాంపు పిల్లే, నీలమ్మ. దానికీ ఇష్టవే. పెద్దలు కూకుని ఇంటిపేరేటని అడిగేరు. తెలీదన్నాను. రేపెప్పుడో ఒకే ఇంటిపేరని తేల్తే అన్నాసెల్లెళ్ళకి పెళ్ళి సేసినట్టవద్దా అన్నారు. నిజవే కదా. ఆరికీ భయవే. అంతే, మరి నన్నెవరూ అడగనేదు, నానెవర్నీ అడగనేదు."

"ఇప్పుడెందుకు తాతా ఇంటిపేరు?"

"సచ్చినోడి పేరు పిలిసి పిండం పెడతారు కదమ్మా. పిలిసినప్పుడు ఆ పేరు నాదై ఉండాల. ఇంకోడి పేరు పిలిస్తే నానెలాగ పలుకుతాను?"

మొదటి ముద్రకే కలిసింది. నాలుగో వంతు, అంటే తాతా మనవడూ. అప్పలస్వామికి కొండపుట్టుగలో భార్య ఉంది, కొడుకు ఉన్నాడు. రంగం వెళ్ళాక ఇంకో సంసారం పెట్టి ఉంటాడు, ఆ సంసారంలో మనవడు బర్మయ్య. రూఢి చేసుకోవడానికి ఊళ్ళో ఉన్న అప్పలస్వామి మనవడు గణపతి నమూనా తెప్పించారు. బర్మయ్యదానితో పోలిస్తే అదీ కలిసింది. నిజానికి కలవాల్సిన దానికంటే చాలా ఎక్కువ కలిసింది. 'తరతరాల మేనరికాల వల్ల రక్తం చిక్కబడింది' అని రిపోర్టులో రాసి, కింద సంతకం పెట్టింది హైమవతే. మేనరికం ఎంత చిక్కబరిచినా అంత చిక్కబరచదని ఆరోజు అనుమానం రావాలి. ముసలాయన ముఖం చూసిన సంతోషంలో రాలేదు.

గణపతి అక్క అసిరమ్మ వ్యాను కట్టించుకుని వచ్చి మరీ బర్మయ్యని తీసుకుపోయింది. ఆ ఫోటో ఇప్పటికీ ఆఫీసు గోడ మీద ఉంది.

"ఫిలిప్," అంది హైమవతి. "ఫ్రీజరులో గణపతి గొట్టం ఉందిగా. దాన్ని కూడా ఈ అరవై ఒక్కటితో పోల్చు."

మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి జవాబు సిద్ధంగా ఉంది. ఫిలిప్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"పోల్చడం ఏముంది మేడమ్. అదే మనిషి."

"అంటే?"

"1927లో అరవై ఒక్కసార్లు వేలు నొక్కినవాడే, పోయిన అక్టోబరులో మన గొట్టంలో ఉమ్మేశాడు."

*

మర్నాడు తెల్లారగానే హైమవతి ఒక్కతే కొండపుట్టుగ బయల్దేరింది. ఉద్దానం తోటల మధ్య ఊరు. ఎటు చూసినా జీడిచెట్లు, కొబ్బరిచెట్లు. అసిరమ్మ ఇంటి అరుగు మీద జీడిపిక్కలు రాశి పోసి ఉన్నాయి. పక్కన నులకమంచం మీద బర్మయ్య దిండుకి చేరబడి ఉన్నాడు. సగం అయిపోయాడు. కాళ్ళు నీరు పట్టాయి.

"ఓలమ్మా, డాట్రమ్మ వొచ్చీసింది!" అసిరమ్మ చేతులు దులుపుకుని లేచింది. డెబ్భై అయిదేళ్ళు, గొంతు మాత్రం ఊరంతా వినబడుతుంది. "సుట్టరికం కలిపిన తల్లివి, కాళ్ళు కడుక్కో ముందు. అన్నియ్యా, సూడు ఎవులొచ్చేరో!"

"సూత్తన్నాను. కళ్ళు పోనేదింకా," అన్నాడు బర్మయ్య.

"కళ్ళుంటే మొన్న కూరలో ఉప్పు నేదని ఎందుకు తిట్టేవు? ఉప్పుగిన్నె నీ ఎదరే ఉన్నాది."

"సెల్లివి కాబట్టి తిట్టేను. ఎనబయ్యేళ్ళు ఎవుల్ని తిట్టేనే? తిట్టడానికి ఒకలుండాల కదా!"

అసిరమ్మ పకపకా నవ్వింది. "మా తాతని అనాలమ్మా. రంగంలో రెండో కాపరం పెట్టీసి, మా మామ్మకి ఉత్తరం ముక్క రాయనేదు. బొట్టు తియ్యాలో ఉంచాలో తెలీకుండానే ఆ మామ్మ సచ్చిపోయింది. ఇప్పుడు సూడు, మనవణ్ణి పంపించేడు. పోలికలు కూడా ఉన్నాయి, ఆ ముక్కు మా నాన్నదే."

హైమవతి ఆ ముక్కు వైపు చూడలేకపోయింది. ఇచ్చిన మజ్జిగ తాగి, గణపతి ఎక్కడని అడిగింది. తోటలో ఉన్నాడు. ఆమె అక్కడికే వెళ్ళింది.

గణపతి మాట విని తెల్లబోయాడు. "ఉమ్మడవా? నన్నెవులూ ఉమ్మమన్లేదమ్మా. మీ ఆఫీసు పెద్దాయనొచ్చేడు, తవిటయ్య గారు. మా గురించి, మా అక్క గురించి అన్నీ అడిగేడు. అక్కెలాంటిది, ముసలోణ్ణి బాగా సూసుకుంటాదా అని ఊళ్ళో కూడా అడిగేడంట. టీ తాగి ఎల్లిపోయేడు."

ఇప్పుడు గణపతి నమూనా తనే తీసుకుని, గొట్టం సంచిలో పెట్టుకుని, హైమవతి అరుగు దగ్గరికి తిరిగి వచ్చింది. బర్మయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"డాట్రు నెలంటన్నాడు, ఆడికీ తెలీదు. నాకేటీ బెంగ నేదమ్మా. పొట్నూరు బర్మయ్యా అని పిలుస్తారు. పలుకుతాను."

నాలుగు గంటల ప్రయాణంలో ఆ మాట ఆమెని వదల్లేదు.

*

ఇప్పిలి తవిటయ్యకి అరవై నాలుగేళ్ళు. పాత రికార్డుల కార్యాలయంలో నలభై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఏ రిజిస్టరు ఏ బీరువాలో ఏ అరలో ఉందో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు కాబట్టి, కాంట్రాక్టు మీద మళ్ళీ పెట్టుకున్నారు. యంత్రం దగ్గరికి ఏ పేజీ తేవాలో చూసేదీ ఆయనే, ఊళ్ళకి వెళ్ళి నమూనాలు తెచ్చేదీ ఆయనే. ఇన్నేళ్ళలో ఒక్క కాగితం పోగొట్టాడని మాట పడలేదు.

హైమవతి రికార్డులు చదివే గదిలోకి వెళ్ళేసరికి ఆయన కిటికీ పక్కన కూర్చుని ఏదో తాలూకా జాబితా వెతుకుతున్నాడు. యంత్రం గదిలో అయితే చేతులకి తొడుగులు తప్పనిసరి. ఇక్కడ ఆ నియమం లేదు. ఆయన బొటనవేలు నాలికకి తాకించి, పేజీ కుడి పక్క అడుగు మూల పట్టుకుని తిప్పాడు. మళ్ళీ నాలిక. మళ్ళీ మూల. తిప్పుతున్నానన్న ధ్యాస కూడా ఆయనకి లేదు. ఈ రాష్ట్రంలో గుమాస్తా అన్నవాడెవడూ ఇంకోలా పేజీ తిప్పి ఎరగడు.

ఆమె అక్కడే నిలబడిపోయింది. తర్వాత దాదాపు పరుగు లాంటి నడకతో యంత్రం గదికి వెళ్ళి రంగం రిజిస్టరు ఫోటోలు తెర మీదికి తెప్పించింది. ఒక్కో పేజీలో పది పేర్లు. ముద్రలన్నీ కుడి పక్క గడిలో. అరవై ఒక్క పేజీలు.

"ఆ అరవై ఒక్క పేర్లు పేజీలో ఎన్నో వరసలో ఉన్నాయో చూడు ఫిలిప్."

చూశాడు. "పదో వరస... పదో వరస... అన్నీ పదోదే. ప్రతి పేజీలోనూ చిట్టచివరిది."

"అడుగు మూల. పేజీ తిప్పే చోటు."

ఫిలిప్‌కి అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. అయ్యాక తల పట్టుకున్నాడు. "మేస్త్రీ లేడు, మోసం లేదు. కింద పాత చెమట, పైన నలభై ఏళ్ళ ఉమ్ము. మన మిషను పైదే చదివింది."

సాయంత్రం నాలుగింటికి తవిటయ్య తాగి వదిలిన టీ గ్లాసుని హైమవతి రుమాల్లో చుట్టి తెచ్చింది. దొంగతనం చేసినట్టే అనిపించింది. మర్నాటికి ఫలితం వచ్చింది. అరవై ఒక్క ముద్రలూ, ఫ్రీజరులోని గొట్టమూ, టీ గ్లాసూ ఒకటే. హైమవతి తెచ్చిన గణపతి నమూనాకీ బర్మయ్యకీ మధ్య రక్తం చుక్క కూడా కలవలేదు.

"ముద్రల మీది ఉమ్ము అలవాటు," అంది హైమవతి. "గొట్టంలోది అలవాటు కాదు. ఎందుకు చేశాడీ పని?"

ఫిలిప్ కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మేడమ్, మనం ఇంకో సంగతి మర్చిపోతున్నాం. బర్మయ్యకీ ఆ ముద్రకీ నాలుగో వంతు కలిసింది. అది అబద్ధం కాదు. తాతకీ మనవడికీ ఎంత కలుస్తుందో, చిన్నాన్నకీ అన్న కొడుక్కీ కూడా అంతే కలుస్తుంది. మిషనుకి తేడా తెలీదు. ముద్ర తాతదని మనం చెప్పాం కాబట్టి అది మనవడంది."

హైమవతి గోడ మీది ఫోటో వైపు చూసింది. వ్యానులో అసిరమ్మ, పక్కన బర్మయ్య. వెనకాల తలుపు పట్టుకుని, ముఖం సగం పక్కకి తిప్పుకుని తవిటయ్య.

రుజువు కోసం ఇంకో రెండు గంటలు పట్టింది. రంగంలో 1941 జనాభా లెక్కల చీటీల్లో యుద్ధం మంటల్లో కాలిపోగా మిగిలినవి ఒక పెట్టెడు ఆ కార్యాలయంలోనే ఉన్నాయి. రేవు కూలీల బసల చీటీల్లో అయిదో కట్టలో దొరికింది. ఇప్పిలి గురయ్య, రేవు కూలీ. భార్య కన్నమ్మ. కొడుకులు ఇద్దరు: లక్ష్మణ, ఏడేళ్ళు, సన్యాసి, రెండేళ్ళు.

తవిటయ్య సర్వీసు ఫైలులో తండ్రి పేరు లక్ష్మణ అని ఉంది. కుటుంబ వివరాల గడిలో తవిటయ్య గుండ్రటి అక్షరాలు: 'మా తండ్రి తన తల్లిదండ్రులకు ఏకైక సంతానం.'

*

"చెప్పకండి," అన్నాడు ఫిలిప్. "ముసలాయన నెలకి మించి బతకడు. సుఖంగా ఉన్నాడు. ఆవిడ ఉప్పు లేని కూర పెడుతోంది, ఆయన తిడుతున్నాడు. దాన్ని తీసుకుపోయి ఏం ఇస్తాం మనం?"

"ఆయన పేరు."

"దొంగ పేరైతేనేం, ప్రేమగా పిలుస్తున్నారు కదా?"

"ఆయన మన దగ్గరికి వచ్చింది ప్రేమ కోసం కాదు ఫిలిప్. నిజం కోసం. దొంగపేరు చాలనుకుంటే పాతికేళ్ళప్పుడే నోటికొచ్చిన ఇంటిపేరు చెప్పి నీలమ్మని చేసుకునేవాడు. చెప్పలేదు. జీవితమంతా పోగొట్టుకున్నాడు గానీ అబద్ధం చెప్పలేదు. అలాంటివాడికి నా సంతకంతో అబద్ధం ఇచ్చాను."

ఫిలిప్ సర్వీసు ఫైలు మూసి ఆమె చేతికిచ్చాడు.

ఆమె తవిటయ్యని పిలిచి, ఏమీ అడగకుండా, జనాభా చీటీ ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివాడు. కిటికీలోంచి రేవు క్రేన్లు కనిపిస్తున్నాయి. ఆయన వాటి వైపు చూస్తూ ఉండిపోయాడు.

"పోలీసులకి చెప్తారా మేడమ్?"

"ముందు మీరు చెప్పండి."

"చెప్తాను. మీకు కాదు." చీటీని జాగ్రత్తగా కవరులో పెట్టి ఆమెకి తిరిగి ఇచ్చేశాడు. "రేపు పొద్దున్న నన్ను కొండపుట్టుగ తీసుకెళ్ళండి. ఒక్కణ్ణే అయితే వెళ్ళను. కిందటి నెల రెండుసార్లు బస్సెక్కేను. రెండుసార్లూ టెక్కలిలో దిగిపోయేను."

*

వాళ్ళు చేరేసరికి పదకొండు గంటలైంది. బర్మయ్య మంచం మీదే ఉన్నాడు. రెండు రోజుల్లో ఇంకా తగ్గిపోయాడు. అసిరమ్మ గంజిగిన్నె పట్టుకుని పక్కన కూర్చుంది.

"మీ ఆఫీసంతా మా ఇంటికే వొచ్చీసింది," అంది అసిరమ్మ. "ఏటి బాబూ, అలాగ సెట్టులా నిలబడిపోయేవు? కూకో."

తవిటయ్య కూర్చోలేదు. చెప్పులు మెట్ల కిందే విడిచి, మంచం కోడు దగ్గర నేల మీద మోకాళ్ళ మీద వాలాడు. అసిరమ్మ ఆశ్చర్యంగా హైమవతి వైపు చూసింది. హైమవతి తల వంచుకుంది.

"చిన్నాన్నా," అన్నాడు తవిటయ్య.

బర్మయ్య కళ్ళు తెరిచాడు. "ఎవులికి సిన్నాన్న?"

"నాకు. నీ పేరు సన్యాసి. ఇంటిపేరు ఇప్పిలి. మీ నాన్న గురయ్య, రంగం రేవులో కూలి. మీ అమ్మ కన్నమ్మ. నీకంటే అయిదేళ్ళు పెద్ద అన్న ఒకడున్నాడు, లక్ష్మణ. నేను ఆ అన్న కొడుకుని."

గంజిగిన్నె చప్పుడైంది. "ఏటంటన్నాడమ్మా ఈయన?" అంది అసిరమ్మ. గొంతు మొదటిసారి చిన్నదైంది. "మా అన్నియ్య పొట్నూరోడు కదా? మిషను సెప్పింది కదా?"

"మిషను చెప్పలేదమ్మా, నేను చెప్పించేను," అన్నాడు తవిటయ్య. "మీ తమ్ముడిదని పేరు పెట్టి నా ఉమ్మి ఇచ్చేను. మీ తాత ఏమయ్యాడో నాకు తెలీదు. రెండో కాపరం పెట్టేడన్నది కూడా నా వల్ల పుట్టిన నిందే. ఆయన మీద తప్పు లేదు."

అసిరమ్మ లేచి వెళ్ళిపోతుందనుకుంది హైమవతి. ఆమె వెళ్ళలేదు. బర్మయ్య పాదాల మీద చెయ్యి వేసి అలాగే కూర్చుంది.

"మా అమ్మ..." బర్మయ్యకి ఊపిరి అందడం లేదు. "మా అమ్మ నీల్లకెల్లింది. నాను తప్పిపోకండా నా కాలు బండి సక్రానికి కట్టి, నీల్లకెల్లి మరి రానేదు. దార్లో సచ్చిపోయుంటాది. నాకు గుర్తే."

"నీళ్ళకి వెళ్ళలేదు చిన్నాన్నా," అన్నాడు తవిటయ్య. ఆ తర్వాత ఆగకుండా, ఎన్నో ఏళ్ళుగా లోపల అప్పజెప్పుకున్న పాఠంలా చెప్పుకుపోయాడు.

"మీ నాన్న ప్రోం ఊర్లో కలరాతో పోయేడు. మీ అమ్మకి జొరం. అక్కణ్ణించి టాంగప్ కనుమ దాకా నిన్ను మా నాన్నే వీపున మోసేడు. ఆయనకి ఎనిమిదేళ్ళు. కనుమ ఎక్కే దగ్గర విరిగిన ఎడ్లబండి ఒకటుంది. మీ అమ్మ అక్కడ కూలబడిపోయి, ఇద్దర్నీ నేను దాటించలేనురా, ఒక్కణ్ణే దాటించగలను అన్నాది. నడవగలిగినవాణ్ణి ఎంచుకున్నాది. నువ్వు వెనకాల పడుతూ లేస్తూ వచ్చేస్తావని, తువ్వాలు చింపి నీ కాలు చక్రానికి కట్టమన్నాది. ఆవిడ చేతులు వొణికిపోతుంటే ముడి మా నాన్న వేసేడు. నువ్వు అన్నా అన్నా అని పిలుస్తుంటే కొండ ఎక్కేడు. ఇంటికొచ్చేక కన్నతల్లిని బర్మా నించి నడిపించుకొచ్చిన కొడుకని ఊరంతా మా నాన్నకి దణ్ణం పెట్టింది. ఆయన బతికినంత కాలం ఒక ఆవుని గుంజకి కట్టలేదు. ఒక మూటకి ముడి వెయ్యలేదు. ఎందుకో ఎవరికీ తెలీదు. పోయేముందు నాకొక్కడికే చెప్పి, మా తమ్ముడు బతికుంటే ఎక్కడో ఉంటాడు, దొరికితే ఇంటికి తెచ్చుకోరా అన్నాడు.

"దొరికేవు. మా ఆఫీసుకే వొచ్చి, నా ఎదురుగా కుర్చీలో కూచుని, గొట్టంలో ఉమ్మి, ఈ చక్రం సంగతి నాకు నవ్వుతూ చెప్పేవు. మేడమ్ అప్పుడు గదిలో లేరు. నేను లేచి నీ కాళ్ళు పట్టుకోవాలి. పట్టుకోలేదు. మా ఇంట్లో మా నాన్న ఫోటోకి రోజూ దండ వేస్తాం. మా మనవలకి ఆయన కథే చెప్పి పడుకోబెడతాం. నువ్వు ఇంటికొస్తే ఆ ఫోటో కింద కూచుంటావు. ఎలా తప్పిపోయేవు తాతా అని పిల్లలు నిన్ను అడుగుతారు. అది తట్టుకోలేకపోయేను. మీ నాన్న పేరున్న పేజీ పంతొమ్మిదోది. నేను నలభై మూడోది తీసి, దాని చివరి ముద్ర మిషను కింద పెట్టేను. కలవదు, నువ్వు వెళ్ళిపోతావు అనుకున్నాను. నా ఎంగిలి వేలు నన్ను పట్టించింది, కలిసిపోయింది. అప్పుడు కూడా చెప్పలేదు. మంచి ఇల్లు దొరికితే చాల్లే అని ఈ ఊరొచ్చి, ఈ అమ్మ మంచిదని తెలుసుకుని, గొట్టంలో ఉమ్మి, గణపతి అని చీటీ అంటించి సంతకం పెట్టేను.

"మా నాన్నని తిట్టకు చిన్నాన్నా. ఆయన వెనకాల బాంబులు, ఎదర కొండ. పక్కన జొరం తగిలిన తల్లి. నాకు అరవై నాలుగేళ్ళు. కడుపు నిండా అన్నం, నెత్తి మీద ఫ్యాను. ఆయన ఏడుస్తూ వదిలేసేడు నిన్ను. నేను సంతకం పెట్టి వదిలేసేను."